చెమ్మ పట్టిన కొత్త ట్రైలర్: ఫ్రిస్కో నుంచి శాంటా ఫే దాకా

ఫ్రిస్కో, టెక్సస్: శుక్రవారం

మా అత్తగారు ప్రయాణంలో బయటి తిండి ముట్టరు. మామగారికి మోకాళ్ళ నొప్పులు. గంటకోసారి కాళ్ళు చాచుకోవాలి. అందువల్ల వాళ్ళు విజయవాడ నుంచి వచ్చిన ఈ మే నెలలో న్యూ మెక్సికో చూపించాలని అనుకున్నప్పుడు, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే ట్రావెల్ ట్రైలర్ కొనడమే మంచిదని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాం. పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్న 25 అడుగుల బండి అది. చెక్క చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగి, కప్పు మీద రబ్బరు పొర పరిచిన మామూలు రకం. పన్నులతో కలిపి 34 వేల డాలర్లయింది.

బండి అప్పగించేటప్పుడు డీలర్ మనిషి గంటసేపు తిప్పి చూపించి సంతకాలు తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ గంట మాకు చాలదని ముందే చెప్పి, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. ట్యాంకు నింపించి కుళాయిలన్నీ తిప్పాం, గ్యాసు వెలిగించాం, ఏసీ నడిపించాం, ప్లగ్గులు ఒక్కొక్కటీ టెస్టర్‌తో చూశాం. సింకు కింది గొట్టం జాయింటు వదులుగా ఉండటంతో నీళ్ళు వదలగానే అరలోకి కారాయి. ఒక సొరుగు పట్టాను వంకరగా బిగించడం వల్ల అది సగం దాకానే తెరుచుకుంది. స్నానాలగది తలుపు గడియ తన గుంటలో పడలేదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, డీలర్ మనిషి చేత సంతకం చేయించి, ఫొటోలు తీసి పెట్టుకున్నాం. సింకు గొట్టాన్ని అక్కడికక్కడే బిగించారు. మిగిలినవి తిరిగి వచ్చాక చేస్తామన్నారు.

మామగారు విజయవాడ ఆర్టీసీ వర్క్‌షాపులో బస్సు బాడీల పని చేసి రిటైరైనవారు. నిచ్చెన నాలుగు మెట్లు మాత్రమే ఎక్కి, కప్పు అంచున రబ్బరు పొర, రేకు కలిసే చోట వేలు పెట్టి చూశారు. "బాబూ, ఈ లప్పం ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉంది, చూశారా? తొందరలో ఉన్న చేయి ఇది" అన్నారు. బస్సు బయటికి వదిలేముందు తాము పైనుంచి నీళ్ళు కొట్టి, లోపల సీట్ల కింద తడి తగులుతుందేమో తడిమి చూసేవాళ్ళమని చెప్పారు. ఇక్కడ అలా చేశారా అని నేను అడిగితే, ఆ పరీక్ష ఫ్యాక్టరీలోనే జరిగి ఉంటుందని డీలర్ మనిషి బదులిచ్చాడు. జరిగినట్టు కాగితం మాత్రం చూపించలేకపోయాడు.

తలుపు పక్కన ట్రైలర్ల పరిశ్రమ సంఘం వారి ముద్ర ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని చూసి నాణ్యత తనిఖీ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నిప్పు, గ్యాసు, కరెంటు, నీటి గొట్టాల భద్రతకు సంబంధించిన ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంఘం) 1192 వంటి ప్రమాణాలకు లోబడి బండి కట్టామని తయారీదారు ఇచ్చే హామీ. స్క్రూ చెక్కలోకి దిగిందా, కిటికీ చుట్టూ సందులు మూసే సీలెంట్ పట్టిందా అన్న ప్రశ్నలకు ఆ ముద్ర జవాబు చెప్పదు. ఈ ఒక్క సంగతి కొనేవాళ్ళందరికీ తెలిస్తే చాలా మేలు జరుగుతుందని నా నమ్మకం.

సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో వాహన పూజ చేయించి, సామాను సర్దుకున్నాం.

287 రహదారి: శనివారం

కొత్త చక్రాల నట్లను మొదటి 10, 25, 50 మైళ్ళ దగ్గర మళ్ళీ బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించి చూడాలని ఇరుసు తయారీదారుల పుస్తకంలో ఉంటుంది. అలాగే ఆగుతూ వెళ్ళాం. రెండోసారి ఆగినప్పుడు ఎడమవైపు వెనక చక్రం నట్లన్నీ దాదాపు సగం చుట్టు తిరిగాయి. కొత్త బండికి నట్లు కొంత సర్దుకోవడం మామూలే. కానీ మూడు చక్రాలు గట్టిగా ఉండి ఒకటి మాత్రమే ఇలా ఉందంటే, దాన్ని ఎవరో బిగించే పని సగంలో వదిలేశారని అర్థం. ఆ పుస్తకం చదవకుండా 70 మైళ్ళ వేగంతో వెళ్ళే కుటుంబం గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

విచిటా ఫాల్స్ దగ్గర పులిహోర, పెరుగన్నం తిన్నాం. వెర్నన్ దాటాక ఆకాశం నల్లబడి, చిల్డ్రెస్ దాకా ఎదురుగాలితో జడివాన పట్టుకుంది. ఆగి ఉన్న బండి మీద పడే వాన వేరు, 60 మైళ్ళ వేగంతో వెళ్ళే బండి ముఖాన కొట్టే వాన వేరు. గాలి ఒత్తిడికి నీరు సన్నటి సందులోంచి కూడా లోపలికి దూరుతుంది. డీలర్ ఎండు ప్రాంగణంలో ఎంతసేపు చూసినా ఇది బయటపడదు.

చిల్డ్రెస్ దాటాక విశ్రాంతి స్థలంలో ఆగి, టీ పెడదామని అత్తగారు లోపలికి వెళ్ళారు. కాసేపటికి "అమ్మాయ్, బియ్యం తడిశాయే!" అని కేక వినిపించింది. భోజనాల బల్ల పక్క సీటు కింద పెట్టిన సోనా మసూరి సంచి అడుగు సగం నీళ్ళు పీల్చుకుంది. సీటు పరుపు ఎత్తి చూశాం. ముందువైపు కిటికీ కింది మూల నుంచి గోడ కాగితం మీదుగా వేలెడు వెడల్పున నీటి జాడ దిగి, సీటు పెట్టె అడుగున మడుగు కట్టింది. మడుగులో సన్నటి రంపపు పొట్టు, ఒక వంగిన స్టేపుల్ పిన్ను తేలుతున్నాయి. ఆ పెట్టెను ఫ్యాక్టరీలో బిగించాక ఎవరూ ఊడ్చి చూడలేదు.

తడిసిన బియ్యాన్ని అత్తగారు పాత చీర మీద ఆరబోశారు. నేను ప్రతిదీ ఫొటో తీశాను, తేదీ పడేలా చిన్న వీడియో తీశాను. బాగుచేయడం ఎంత ముఖ్యమో, బాగుచేసే ముందు రుజువు పెట్టుకోవడమూ అంతే ముఖ్యం. తుడిచేసిన నీటిని తర్వాత ఎవరికీ చూపించలేం.

క్లాడ్ ఊరి దగ్గర ఫోన్ మ్యాప్ మమ్మల్ని 207 రహదారి మీదుగా దక్షిణానికి పంపింది. కొంత దూరం పోయాక, ఆ దారి పాలో డ్యూరో లోయలోకి నిటారుగా దిగి సిల్వర్టన్ ఊరి వైపు వెళ్తుందని, మేం వెళ్ళాల్సిన పాలో డ్యూరో పార్కుకి పోదని బోర్డులను బట్టి తెలిసింది. ట్రైలర్‌తో వెనక్కి తిరగడానికి చోటు లేక ఒక పశువుల క్షేత్రం గేటు ముందు ఆగాం. డెబ్బై ఏళ్ళు దాటిన యజమాని తన ట్రక్కు దిగి వచ్చి, గేటు బార్లా తెరిచి, తన ఆవరణలో గుండ్రంగా తిప్పుకుని పొమ్మన్నాడు. మేం తిరుగుతుండగా చక్రాల వైపు చూస్తూ నడిచి, నట్లు చూసుకున్నారా అని మొదట అడిగింది అదే. చూశామని చెబితే టోపీ తాకి తల ఊపాడు. టెక్సస్ పల్లెల్లో ఈ మర్యాద నాకు కొత్తది కాదు. మామగారు మాత్రం దారి పొడవునా ఆయన్ని తలుచుకుంటూనే ఉన్నారు.

పాలో డ్యూరో: ఆదివారం, సోమవారం

సుమారు 120 మైళ్ళ పొడవు, సగటున 800 అడుగుల లోతు ఉన్న ఈ ఎర్రమట్టి లోయ అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్దదని చెబుతారు. పార్కు రోడ్డు 10 శాతం వాలుతో లోయలోకి దిగుతుంది. ట్రైలర్ బ్రేకులు సరిగా పట్టడం చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఈ బండిలో బాగా చేసిన పని అదొకటి ఉంది. అది కూడా చెప్పాలి.

ఆదివారం ఎండ కాసింది. క్యాంపుల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఎవరైనా నిచ్చెన బయటికి తీశారంటే, పక్కవాళ్ళు వచ్చి ఏం కావాలని అడుగుతారు. మా పక్క స్థలంలో ఇండియానా రాష్ట్రం ఎల్కార్ట్ ప్రాంతం నుంచి వచ్చిన వృద్ధ దంపతులు ఉన్నారు. అమెరికాలో అమ్ముడయ్యే ట్రైలర్లలో అత్యధిక భాగం ఎల్కార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతుంది. ఆ పెద్దాయన అలాంటి ఒక ఫ్యాక్టరీలో అరలు, తలుపులు బిగించే పని చేసి మానేశారట. ఆయన దగ్గర చెక్కలో తేమ కొలిచే చిన్న మీటరు ఉంది. దాని రెండు సూదుల్ని మా కిటికీ కింది గోడకు గుచ్చితే 28 శాతం చూపించింది. ఎదుటి గోడ దగ్గర 11. తేమ 20 శాతానికి పైన నిలిచిపోతే చెక్క కుళ్ళే దారి పట్టినట్టేనని చెప్పి, కిటికీ ఊడదీయక తప్పదన్నారు.

వారంటీ చెడుతుందేమోనని నా భార్య భయపడింది. అది న్యాయమైన భయమే. ఆదివారం కాబట్టి తయారీదారు ఫోన్ తీయలేదు. మరింత నష్టం జరగకుండా అత్యవసరంగా ఈ పని చేస్తున్నామని, ఫొటోలు జతచేస్తున్నామని తయారీదారుకీ డీలర్‌కీ మెయిల్ పంపాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాం.

కిటికీని లోపలివైపు నుంచి ఒక చట్రం స్క్రూలతో బిగించి ఉంచుతుంది. స్క్రూలు తీసి, నా భార్య బయట నుంచి పట్టుకోగా, కిటికీని నెమ్మదిగా బయటికి తోశాం. కిటికీ అంచుకీ రేకుకీ మధ్య బ్యూటైల్ టేపు అనే మెత్తటి, జిగురు పట్టీ చుట్టూతా ఒకే తీరున ఉండాలి. పైనా, రెండు పక్కలా ఉంది. కింది ఎడమ మూలన మాత్రం పట్టీ రెండు కొసలూ కలవకుండా బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీద బయటనుంచి పలచగా సీలెంట్ పూసి కప్పేశారు. ఆ కింద గోడ చట్రం చెక్క నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. మామగారు ఆ ఖాళీని చాలాసేపు చూసి, "కొలిచి కోస్తే అర నిమిషం పని, బాబూ. ఆ అర నిమిషం లేదన్నమాట వాళ్ళకి" అన్నారు.

ఆ అర నిమిషం ఎందుకు లేదో ఎల్కార్ట్ పెద్దాయన వివరంగా చెప్పారు. ఆ ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల జీతం గంటల లెక్కన కాక, పూర్తయి బయటికి వెళ్ళిన బండ్ల లెక్కన వస్తుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, ఆ రోజు కోటా ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. తప్పు కనిపెట్టి ఆపినవాడి వల్ల మొత్తం వరుస ఆగుతుంది, అందరి సంపాదనా ఆలస్యమవుతుంది. కోవిడ్ తర్వాత జనం ట్రైలర్ల కోసం ఎగబడ్డప్పుడు, 2021లో ఈ పరిశ్రమ 6 లక్షలకు పైగా బండ్లను డీలర్లకు పంపింది. అంతకు ముందెన్నడూ అన్ని పంపలేదు. 2023 నాటికి ఆ సంఖ్య 3 లక్షల 13 వేలకు పడిపోయినా, చేతులకు పట్టిన వేగం తగ్గలేదని ఆయన బాధపడ్డారు. తనతో పనిచేసినవాళ్ళు చేతగానివాళ్ళు కారని, తమ ఇళ్ళలో అందమైన బల్లలు, బీరువాలు చేసుకునేవాళ్ళని మరీ మరీ చెప్పారు. నేనూ నమ్ముతాను. లోపం పనివాడి చేతిలో కంటే, ఆ చేతికి గడువు పెట్టే పద్ధతిలోనే ఎక్కువ ఉంది.

సోమవారం పొద్దున నేను అమరిల్లో వెళ్ళి బ్యూటైల్ టేపు రెండు చుట్టలు, కప్పు సీలెంట్ రెండు ట్యూబులు, పాత జిగురు తుడిచే ద్రవం కొనుక్కొచ్చాను. మొత్తం 61 డాలర్లు. ఈలోగా తడిసిన చెక్క దగ్గర చిన్న ఫ్యాను పెట్టి రాత్రంతా ఆరబెట్టాం. మీటరు 17కి దిగాక, పాత జిగురంతా గీకి, కొత్త పట్టీని కింది అంచు మధ్యలో మొదలుపెట్టి చుట్టూ తిప్పి, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అతికించాం. స్క్రూలను ఒక మూల, దాని ఎదుటి మూల చొప్పున కొద్దికొద్దిగా బిగిస్తూ వెళ్తే జిగురు నాలుగు వైపులా సమానంగా బయటికి ఉబికింది. పక్కకు వచ్చిన జిగురును ప్లాస్టిక్ బద్దతో కోసేశాం. కప్పు అంచున మామగారు వేలు పెట్టిన చోటల్లా సీలెంట్ మళ్ళీ పోశాను. ఆయన కింద కుర్చీలో కూర్చుని ఎక్కడ వదిలేశానో చెబుతూ వచ్చారు.

మధ్యాహ్నం గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వేడి అన్నం. పక్క దంపతులకూ పెట్టాం. ఆవిడ గోంగూర మూడోసారి వడ్డించుకున్నారు. సాయంత్రం లోయ అంచుకు ఎక్కి రాతి కట్టడాలు చూశాం. 1930ల్లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ వాళ్ళు లోయలోకి రోడ్డు వేసి, ఆ రాతి గదులు కట్టారు. వాటిలో ఇప్పటికీ యాత్రికులు బస చేస్తున్నారు. మామగారు గోడ రాళ్ళ మధ్య సందులు తడిమి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

టుకుమ్‌కారి, న్యూ మెక్సికో: మంగళవారం

పాత 66 రహదారి మీది చిన్న ఊరు ఇది. రాత్రి మోటళ్ళ నియాన్ దీపాలు, ముఖ్యంగా బ్లూ స్వాలో మోటల్ నీలం పిట్ట, చూడటానికే జనం ఆగుతారు. మేం ఆగిన ట్రైలర్ పార్కులో రాత్రికి 46 డాలర్లు.

దారిలో వంటింటి పై అర తలుపు ఊడి కింద పడింది. అరను రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చుపోసిన పలకతో చేశారు. అందులో స్క్రూను మిషన్‌తో అతిగా తిప్పితే మరలు అరిగి, స్క్రూ చూడ్డానికి మాత్రమే అక్కడ ఉంటుంది. మామగారు అగ్గిపుల్లల తలలు తీసేసి, చెక్క జిగురులో ముంచి, రంధ్రంలో దట్టంగా కుక్కించారు. ఆరాక కొసలు సమంగా కోసి, అందులోకి స్క్రూను చేత్తోనే తిప్పించారు. మిషన్ ముట్టుకోనివ్వలేదు. ఇంటికి చేరేదాకా ఆ తలుపు కదల్లేదు.

నీటి పంపు అప్పటికే మూలుగుతోంది. కుళాయిలో ధార సన్నబడింది. పంపు ముందు చిన్న జల్లెడ ఉంటుంది. దాని మూత తిప్పి తీస్తే తెల్లటి ప్లాస్టిక్ తురుము గుప్పెడు బయటపడింది. ట్యాంకుకు గొట్టం కోసం రంధ్రం చేసినప్పుడు లోపల పడ్డ తురుమును ఎవరూ కడగలేదు. తాగేది సీసా నీళ్ళే అయినా, అవే ట్యాంకు నీళ్ళతో అన్నం వండుకున్నామని అత్తగారు నొచ్చుకున్నారు. ట్యాంకు రెండుసార్లు నింపి వదిలాక జల్లెడలో తురుము రావడం ఆగింది.

శాంటా ఫే: బుధవారం, గురువారం

ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలోనూ రాత్రి చలి వణికిస్తుంది. హీటరు మోత వినిపిస్తోంది కానీ పడకగదిలోని జాలీ దగ్గర చేయి పెడితే వెచ్చదనమే లేదు. గ్యాసు మాత్రం ఖర్చయిపోతోంది. అందరం రజాయిలు కప్పుకుని, పెద్దవాళ్ళను వంటింటి వైపు పడుకోబెట్టాం.

పొద్దున తయారీదారుకు ఫోన్ చేశాను. ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. దారిలో బయటి మెకానిక్ చేత పని చేయించుకుని తర్వాత డబ్బు అడిగితే సాధారణంగా ఇవ్వరు. ముందే ఫోన్ చేసి అనుమతి నంబరు తీసుకోవాలి. ముప్పావు గంట లైన్లో ఉన్నాక ఆ నంబరు ఇచ్చారు, గరిష్ఠంగా రెండు గంటల పనికి. ట్రైలర్ ఉన్న చోటికే వచ్చి పనిచేసే మెకానిక్‌లు ఈ దేశంలో అన్నిచోట్లా ఉన్నారు. మాకు దొరికినావిడకు అరవై ఏళ్ళు ఉంటాయి, పొడవాటి నెరిసిన జడ, మోకాళ్ళకు రబ్బరు తొడుగులు. రాక ఖర్చు 125 డాలర్లు, ఆపైన గంటకు 130.

ఆవిడ హీటరు ముట్టుకోకముందే గ్యాసు లైను పరీక్షించారు. పొయ్యి మీద పీడనం కొలిచే మీటరు తగిలించి, సిలిండర్ మూసి, గడియారం చూస్తూ కూర్చున్నారు. ముల్లు మెల్లగా కిందికి జారింది. సబ్బు నీళ్ళు రాస్తే పొయ్యి వెనక జాయింటు దగ్గర చిన్న బుడగలు వచ్చాయి. పానాతో పావు చుట్టు తిప్పితే ఆగాయి. అలాంటి వాటిని కొత్త బండ్లలో తరచూ చూస్తుంటానని, అందుకే ఏ పనికి పిలిచినా మొదట గ్యాసు చూస్తానని చెప్పారు. తలుపు పక్కన ముద్ర ఉన్నది సరిగ్గా ఇలాంటి వాటి కోసమే. నాకు ఈ ప్రయాణంలో నిజంగా కోపం వచ్చింది అక్కడే.

తర్వాత బండి కిందికి దూరి, పొట్టకు కప్పిన నల్లటి ప్లాస్టిక్ పలకను ఒక పక్క దించారు. లోపల వేడి గాలి తీసుకెళ్ళే గొట్టం, పడకగది జాలీకి చేరే చోట ఊడి వేలాడుతోంది. అక్కడ క్లాంపు లేదు, రేకు టేపు ఒక్క చుట్టు వేసి వదిలేశారు. మేం కాల్చిన గ్యాసంతా బండి పొట్టను వెచ్చబెట్టింది. ఆవిడ క్లాంపు బిగించి, టేపు చుట్టి, పలక మూసి, ఏం చూశారో ఏం చేశారో బిల్లు మీద పూర్తి వాక్యాల్లో రాసిచ్చారు. అలా రాసిన కాగితం ఫొటోల కంటే బలమైనదని ఆవిడే చెప్పారు.

ఆ సాయంత్రం మనసు కుదుటపడి ఊళ్ళోకి వెళ్ళాం. న్యూ మెక్సికోలో ఏ హోటల్లో కూర్చున్నా మొదట అడిగేది "ఎర్రదా, పచ్చదా?" అని, అది మిరపకాయల పులుసు గురించి. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. బయటి తిండి ముట్టని అత్తగారు, మాంసం కలపని కాల్చిన పచ్చిమిరప పులుసు రుచి చూసి, గుంటూరు కారం ముందు ఇది చప్పనే కానీ కాల్చిన వాసన బాగుందని తీర్పు చెప్పారు. పూరీలా పొంగిన సోపపియాలో తేనె పోసుకుని మామగారు రెండు తిన్నారు. అయిదుగురికి టిప్పుతో 94 డాలర్లు. మా అమ్మాయి తనకు పిల్లల ప్లేటు వద్దంది.

మట్టి ఇటుకల గోడల మధ్య నడుస్తూ ఒక చోట కొత్తగా మట్టి మెత్తుతున్న పనివాళ్ళను చూశాం. మట్టి గోడకు వానదెబ్బ తగులుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మెత్తక తప్పదని, ఆ సంగతి కట్టేటప్పుడే ఇంటివాళ్ళకు తెలుసని వాళ్ళలో ఒకతను మాకు చెప్పాడు. ట్రైలర్ సీలెంట్‌నూ ఏడాదికి రెండుసార్లయినా చూసుకోవాలి. దానికి నాకే అభ్యంతరమూ లేదు. మొదటి రోజే లేని సీలెంట్‌ను చూసుకోవడం మాత్రం యజమాని బాధ్యత కాదు.

ఫ్రిస్కో: తిరిగి వచ్చాక

తిరుగు దారిలో వాన పడలేదు. సోమవారం ట్రైలర్‌ను డీలర్ దగ్గర అప్పగించి, సంతకం ఉన్న మొదటి జాబితా, ఫొటోలు, తేమ మీటరు అంకెలు, శాంటా ఫే బిల్లు కలిపి ఒక ప్రతి డీలర్‌కు ఇచ్చాం. ఇంకో ప్రతిని తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదుకు లెక్క ఉండదు. డీలర్ దగ్గర పనికి ఇచ్చిన ప్రతిసారీ, ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, మన ఫిర్యాదు మన మాటల్లోనే ఉన్న కాగితం తీసుకోవాలి.

దీనికి చట్టంలో కారణం ఉంది. లోపాలున్న కొత్త వాహనాలకు వర్తించే లెమన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఇంజిన్ లేని ట్రైలర్లను లెక్కలోకి తీసుకోవు. టెక్సస్ చట్టం తీసుకుంటుంది. ఒకే లోపాన్ని సరిచేసే అవకాశం డీలర్‌కు నాలుగుసార్లు ఇచ్చినా బాగుపడకపోయినా, మరమ్మతుల కోసం బండి మొత్తం 30 రోజులు మన చేతిలో లేకపోయినా, గడువు లోపల రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. మిగతా రాష్ట్రాల తెలుగువాళ్ళు 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం గురించి తెలుసుకోవాలి. అది దేశమంతటా వర్తిస్తుంది. ఏ దారిలో వెళ్ళినా అడిగేది కాగితాలే.

తడిసిన చెక్కను మార్చి, లోపలి గోడ పలక కొత్తది వేశామని డీలర్ కబురు పెట్టాడు. మేం వెళ్ళి, సంతకం పెట్టే ముందు మా ఎదుటే నీటి పరీక్ష చేయమన్నాం. కాస్త గొణిగినా గొట్టం తెచ్చారు. కిటికీ దగ్గర చుక్క రాలేదు. కానీ కప్పు ముందు కుడి మూలన, మేం చేయి పెట్టని చోట, లోపలి పలక మీద అరచేయంత చెమ్మ తేలింది. సంతకం పెట్టకుండా బండిని అక్కడే వదిలి, ఆ చెమ్మ గురించి కొత్త ఫిర్యాదు కాగితం రాయించుకుని వచ్చాం. తయారీదారు ఈసారి కప్పు అంచు మొత్తం ఊడదీసి తిరిగి వేయడానికి ఒప్పుకుంటూ రాతపూర్వకంగా జవాబిచ్చాడు. శాంటా ఫే బిల్లులో రెండు గంటల పని డబ్బు వచ్చింది; రాక ఖర్చు ఇంకా రాలేదు.

తర్వాతి నీటి పరీక్ష వచ్చే వారం. అప్పటికి మామగారూ అత్తగారూ విజయవాడ వెళ్ళిపోతారు. అందుకని ఎలా తడపాలో ఆయన నాకు కాగితం మీద రాసిచ్చారు: నీళ్ళు మొదటే కప్పు మీద పోయకూడదు, పోస్తే కారింది ఎక్కడినుంచో తెలియదు. గోడ అడుగు నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాయింటు దగ్గర పది నిమిషాలు ఆగుతూ పైకి రావాలి. గొట్టం పట్టేది బయట ఒకరు, టార్చి పట్టేది లోపల ఇంకొకరు. లోపలికి వెళ్ళేది నా భార్య.